కారు ఏసీ పనికి పావు అంగుళం టార్క్ రెంచ్: ఏ బోల్టుకు పనికొస్తుంది, ఏ బోల్టుకు రాదు

పావు అంగుళం డ్రైవ్ (సాకెట్ పట్టే చదరపు కొన), 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల (బిగువును కొలిచే లెక్క) కొలత, సెట్ చేసిన బిగువు రాగానే టక్కుమనే రకం టార్క్ రెంచ్. కారు ఏసీ పని చేసే గ్యారేజీ వాక్యూమ్ పంపు, గేజీల సెట్టు తర్వాత కొనాల్సిన మొదటి పనిముట్టు ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టూల్స్ అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఇక్కడ రాస్తున్నది ఒక కంపెనీ సరుకు గురించి కాదు, ఈ సైజు రెంచ్ గురించి. ఇది ఏ పని బాగా చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, కొనేముందు ఏం చూడాలి అన్నదే విషయం.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లో ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ గ్యారేజీల ముందు కార్లు వరుస కడతాయి. గ్యాస్ ఎక్కిస్తారు, చల్లగా వస్తుంది, రెండు నెలలకు మళ్లీ అదే బండి అదే గ్యారేజీకి వస్తుంది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు హోసుల గోడల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం ఉంటుంది గాని, రెండు నెలల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు రాళ్లు తగిలి కండెన్సర్‌కు చిల్లు పడొచ్చు, కంప్రెసర్ షాఫ్టు సీలు పోవచ్చు, గ్యాస్ ఎక్కించే చోట పిన్ వాల్వు కారొచ్చు. నాలుగోది గొట్టాల జాయింట్లు. మొదటి మూడూ అరుగుదలకు, దారికి, అదృష్టానికి సంబంధించినవి. జాయింటు మాత్రం పూర్తిగా బిగించిన మనిషి చేతిలో ఉంటుంది.

జాయింట్లలో ఎక్కువ పాడయ్యేవి బిగువు చాలక కాదు, మితిమీరి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఏసీ గొట్టాలను కండెన్సర్‌కు, కంప్రెసర్‌కు, డాష్‌బోర్డు వెనక గ్యాసు ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వుకు పట్టి ఉంచేవి చాలావరకు ఎం6 బోల్టులు, అంటే 6 మిల్లీమీటర్ల లావువి, 10 నంబరు పానా పట్టేవి. వీటికి మాన్యువళ్లలో సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు ఉంటుంది. 15 సెంటీమీటర్ల పానా చివర పట్టుకుని లాగితే 10 న్యూటన్ మీటర్లకు చాలిన బలం ఏడు కిలోలే. చేయి అలవాటున్న మెకానిక్ ఆలోచించకుండా లాగే బలం ఇరవై కిలోలు. అంటే కావాల్సినదానికి మూడింతలు. టైరు నట్లు, సస్పెన్షన్ బోల్టులు విప్పి బిగించే చేతికి ఇది తెలియనే తెలియదు, ఎందుకంటే ఆ చేతికి ఏడు కిలోల లాగుడు బిగించినట్టే అనిపించదు.

అర అంగుళం టార్క్ రెంచ్ ఉందిగా అంటారు. గ్యారేజీల్లో ఉండే పెద్ద రెంచ్ కొలత సాధారణంగా 28 నుంచో 40 నుంచో మొదలై 210 వరకు పోతుంది. దాని అడుగు అంకె దగ్గరే ఎం6 బోల్టు తెగిపోయే ప్రమాదం ఉంది. అల్యూమినియంలో చూడీలు, అంటే మరలు, అంతకంటే ముందే పోతాయి. పైగా ఏ టార్క్ రెంచ్‌కైనా దాని గరిష్ఠ కొలతలో ఐదో వంతు కింద ఖచ్చితత్వం నమ్మదగ్గది కాదు. అందుకే 10 న్యూటన్ మీటర్ల పనికి గరిష్ఠం 25 ఉన్న రెంచే సరైనది. 10 అంకె దాని కొలతకు మధ్యలో పడుతుంది.

అసలు ఈ జాయింటులో గ్యాసును ఆపేది ఏమిటో తెలిస్తే బిగువు విషయం సగం తేలిపోతుంది. ఆపేది బోల్టు కాదు, ఓ-రింగ్. అల్యూమినియం గొట్టం కొనకు గాడి, ఆ గాడిలో రబ్బరు రింగు. అది అవతలి రంధ్రంలోకి దూరి, చుట్టూ నొక్కుకుని గ్యాసును ఆపుతుంది. బోల్టు పని ఆ గొట్టం కొనకూ అవతలి రంధ్రానికీ ఉండే రెండు అల్యూమినియం దిమ్మలను లోహానికి లోహం ఆనించి, ఇంజను వణుకుడుకు కదలకుండా పట్టుకోవడం వరకే. దిమ్మలు ఆనాక ఇంకా తిప్పితే ఓ-రింగ్ మరింత నొక్కుకోదు. బోల్టు ఒక పక్కన ఉంటుంది, గొట్టం ఇంకో పక్కన ఉంటుంది. మితిమీరి బిగిస్తే బోల్టు వైపు చెవి కిందికి వంగి, గొట్టం వైపు దిమ్మ వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఓ-రింగ్ ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క వదులవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టి ఉంటుంది, వేడెక్కినప్పుడు కారుతుంది. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో 65వ నంబరు జాతీయ రహదారి మీద ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద ఆ తేడా ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు.

కారుతున్న జాయింటును ఇంకొంచెం బిగించి చూద్దాం అనేది ఈ పనిలో అతి చెడ్డ అలవాటు. చెప్పిన బిగువులో ఉండి కారుతోందంటే ఓ-రింగ్ ఎండిపోయిందో, తెగిందో, సైజు తప్పో, గాడిలో గీత పడిందో. గ్యాస్ తీసి, విప్పి, కొత్త రింగు వేయడమే మందు.

ఇక రెంచ్ విషయం. చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అంకెలు న్యూటన్ మీటర్లలో ఉండాలి, పిడి మీద చెక్కి ఉండాలి, స్టిక్కరు మీద కాదు. నూనె చేతులకు స్టిక్కరు ఒక్క సీజను కూడా ఆగదు. కొన్నింటి మీద అంగుళ పౌండ్లు మాత్రమే ఉంటాయి. 10 న్యూటన్ మీటర్లంటే 88 అంగుళ పౌండ్లు, లేదా 7.4 అడుగు పౌండ్లు. ఈ రెండు పౌండ్లనూ తారుమారు చేసి చదివితే బిగువు 12 రెట్లు తప్పుతుంది, బోల్టు తెగనైనా తెగుతుంది, వదులుగానైనా మిగులుతుంది. పాత జపాను, కొరియా బండ్ల పుస్తకాల్లో కిలో-సెంటీమీటర్లలో ఉంటుంది. 100 కిలో-సెంటీమీటర్లు అంటే 9.8 న్యూటన్ మీటర్లు, కాబట్టి ఒక సున్నా తీసేస్తే పనికి సరిపోయే అంకె వస్తుంది.

సెట్ చేశాక పిడి దానంతట అది తిరగకుండా తాళం ఉండాలి. ఆ తాళం గట్టిగా పడాలి. తల చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య వేళ్లే దూరవు. రాచెట్ పళ్లు సన్నగా, ఎక్కువగా ఉంటే ఇరుకులో కాస్త ఊగినా పని జరుగుతుంది. 24 పళ్లదైతే ఒక్కో అడుగుకు 15 డిగ్రీలు తిరగాలి, 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. ఇరుకైన బానెట్ల కింద ఈ తేడా పెద్దది. ఖచ్చితత్వం విషయంలో ఐఎస్ఓ 6789 ప్రమాణం 10 న్యూటన్ మీటర్ల వరకు కొలిచే రెంచ్‌కు అటూ ఇటూ 6 శాతం, అంతకంటే పెద్దదానికి 4 శాతం తేడాను ఒప్పుకుంటుంది. పెట్టెలో ఆ రెంచ్ నంబరుతో పరీక్ష కాగితం ఉంటే తీసుకోవచ్చు. అందరికీ ఒకటే అచ్చు కాగితం వేసి ఉంటే దానికి విలువ లేదు.

ఈ సైజులో నిజమైన లోపం ఒకటుంది. తక్కువ బిగువు దగ్గర టక్కుమనే చప్పుడు చాలా మెత్తగా ఉంటుంది. పక్కన గాలి కొట్టే కంప్రెసర్ నడుస్తున్నా, బయట లారీ హారను కొడుతున్నా వినపడదు. 8 న్యూటన్ మీటర్ల దగ్గర చెవిని నమ్ముకుంటే దాటిపోతారు. పిడి ఒక్కసారి మెత్తగా విరిగినట్టు చేతికి తెలుస్తుంది, దానికి చేయి అలవాటు కావాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ముందు బల్ల మీద వైసులో ఒక బోల్టు బిగించి ఆ తాకిడి చూపించడం మంచిది.

కొన్న రోజే పరీక్షించడానికి లాబ్ అక్కర్లేదు. రెంచ్ చదరపు కొనను వైసులో బిగించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచాలి. చదరం నడుమ నుంచి పిడి మీద సరిగ్గా 20 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ సన్నని తాడుతో బరువు వేలాడదీయాలి. డబ్బాతో కలిపి లగేజీ కాటా మీద సరిగ్గా 5 కిలోలు తూగేలా నీళ్లు పోసుకుంటే, ఆ బరువు ఇచ్చే బిగువు 9.8 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు అరకిలో ఉండి, దాని నడుమ చదరానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఇంకో అర న్యూటన్ మీటరు కలుస్తుంది. మొత్తం 10.3. ఇప్పుడు రెంచ్‌ను 9.5కు పెట్టి బరువును నెమ్మదిగా వదిలితే టక్కుమనాలి. 11కు పెట్టి వదిలితే అనకూడదు. బరువును ఎత్తి వదిలేయకూడదు, ఆ కుదుపు లెక్కను చెడగొడుతుంది. ఈ పరీక్షలో నిలవని రెంచ్‌ను వాపసు చేయడమే మేలు.

వాడకం గురించి చెప్పకుండా ఈ పనిముట్టు మంచిదా కాదా అని తేల్చలేం. ముందు గ్యాసు. కారు ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్ ద్రవరూపంలో మిగిలి ఉన్న సిస్టంలో, 45 డిగ్రీల ఎండలో, ఇంజను ఆపి ఉన్నా లోపల ఒత్తిడి 150 పీఎస్ఐ దాకా ఉంటుంది. అది మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగే పదార్థం, కంటి మీద పడితే గడ్డకట్టిస్తుంది. రికవరీ మిషన్‌తో గ్యాస్ తీయకుండా ఏ జాయింటు బోల్టునూ కదపకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. గాలిలోకి వదిలేయడం తప్పు కూడా, ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు.

విప్పేటప్పుడు బంపరు దగ్గరి బోల్టుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఇనుప బోల్టు, అల్యూమినియం దిమ్మ, మధ్యలో వానకాలపు బురద కలిసి చేసిన తుప్పు అది. తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి, పావు తిప్పు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి అంటూ తీయాలి. గ్యాస్ వెల్డింగ్ మంటతో వేడిచేయకూడదు. మిగిలిన గ్యాసు మంటకు విడిపోయి విషవాయువు అవుతుంది. బోల్టు వచ్చాక దిమ్మ ఊడకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి లేపకూడదు. ఆ గీతే రేపటి లీకు. కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ నిటారుగా లాగాలి. ఇక టార్క్ రెంచ్‌తో బోల్టులు విప్పడం అసలే వద్దు, దానికి మామూలు రాచెట్ ఉంది.

బిగించేటప్పుడు పాత ఓ-రింగ్ మళ్లీ వేయొద్దు. గాడిని దూది పోగులు వదలని గుడ్డతో తుడవాలి. ఏసీ గ్యాసుకు తగిన హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు రింగు, సరైన సైజుది తీసుకోవాలి. పైపుల దుకాణంలో దొరికే మామూలు నల్ల రింగు ఈ గ్యాసుకు, ఈ నూనెకు ఉబ్బిపోతుంది. రింగుకు ఒక్క చుక్క ఏసీ నూనె పూయాలి. ఏ నూనె అన్నది కంప్రెసర్ స్టిక్కరు మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. మామూలు కార్లలో ఎక్కువగా పీఏజీ నూనె. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కరెంటు కంప్రెసర్‌కు వేరే నూనె ఉంటుంది, అందులో పీఏజీ కలిస్తే కరెంటు ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ బండ్లలో నారింజ రంగు తీగల దగ్గరకు శిక్షణ లేనివాళ్లు పోనే పోకూడదు.

నూనె రింగుకే, బోల్టు చూడీలకు కాదు. ఇది చిన్న మాటగా కనిపిస్తుంది గాని, టార్క్ రెంచ్ ఉన్నవాళ్లు కూడా చెడగొట్టేది ఇక్కడే. మనం పెట్టే బిగువులో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, నలభై శాతం దాకా చూడీల రాపిడికి పోతుంది. నిజంగా దిమ్మలను నొక్కేది మిగిలిన పదో వంతే. చూడీలకు నూనె తగిలితే రాపిడి తగ్గి, అదే 10 న్యూటన్ మీటర్లకు నొక్కుడు బాగా పెరుగుతుంది. రెంచ్ సరిగ్గానే టక్కుమంటుంది, బోల్టు మాత్రం సాగిపోతుంది. మాన్యువల్‌లో నూనె పూయమని ఉంటే తప్ప చూడీలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. తుప్పు, మట్టి ఉంటే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. రాపిడే బిగువంతా తినేసి, రెంచ్ టక్కుమన్నా దిమ్మలు వదులుగానే ఉంటాయి.

గొట్టాన్ని చేత్తో నిటారుగా లోపలికి నెట్టి, రెండు దిమ్మలూ ఆనాయని కంటితో చూశాకే బోల్టు పెట్టాలి. బోల్టుతో లాగి కూర్చోబెట్టకూడదు, రింగు అంచు తెగేది అప్పుడే. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు రాకపోతే చూడీ అడ్డం ఎక్కుతోందని అర్థం. తర్వాత పిడిని నడుమ పట్టుకుని నెమ్మదిగా, ఆగకుండా లాగి, ఒక్క టక్కుతో ఆపాలి. నమ్మకం కోసం రెండోసారి, మూడోసారి టక్కుమనిపిస్తే ప్రతిసారీ కొంచెం ముందుకు పోతుంది. ఇంకో సంగతి, ఇప్పటికే బిగించి ఉన్న బోల్టు మీద ఈ రెంచ్ పెట్టి సరిగ్గా ఉందో లేదో చెప్పలేం. మితిమీరి బిగిసిన బోల్టు మీద కూడా అది హాయిగా టక్కుమంటుంది.

చోటును బట్టి అంకె మారుతుంది, చివరి మాట ఎప్పుడూ ఆ బండి మాన్యువల్‌దే. ఎక్స్‌పాన్షన్ వాల్వుకు ఉండే సన్నని ఎలన్ బోల్టులకు ఎం6 జాయింటు బోల్టు అంత కూడా అక్కర్లేదు. చాలావాటికి 5 చుట్టుపక్కలే ఉంటుంది, అంటే ఈ రెంచ్ అడుగు అంచు. ప్రెషర్ స్విచ్ అల్యూమినియంలోకి పోతుంది కాబట్టి దానికీ చేయి తేలికగా ఉండాలి. కంప్రెసర్‌ను ఇంజనుకు పట్టే ఎం8 బోల్టులకు 20 నుంచి 25, అంటే ఈ రెంచ్ పై అంచు. ఇక్కడ అన్ని బోల్టులనూ ముందు వేళ్లతో పట్టించి, సగం బిగువుకు తెచ్చి, తర్వాత పూర్తి బిగువు ఇవ్వాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే కంప్రెసర్ వంకరగా కూర్చుంటుంది, బెల్టు అంచు తింటుంది. బ్రాకెట్ల ఎం10 బోల్టులకు 40 పైన కావాలి, వాటికి పెద్ద రెంచే.

కంప్రెసర్ ముందుండే క్లచ్ హబ్ నడిమి బోల్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని గాలి గన్‌తో కొట్టడం మామూలైపోయింది. కంప్రెసర్ షాఫ్టు చూడీలు సన్నవి, దాని వెనకే షాఫ్టు సీలు ఉంటుంది. హబ్‌ను పట్టే పనిముట్టుతో ఆపి, చిన్న టార్క్ రెంచ్‌తో బిగించి, ఫీలర్ గేజ్‌తో క్లచ్ పలకకూ పుల్లీకీ మధ్య సందు చూడాలి. చాలా బండ్లకు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. షిమ్ అనే పలచని వాషర్ మందం తప్పి సందు ఎక్కువైతే ఏసీ వేడెక్కినప్పుడు క్లచ్ పట్టదు. అప్పుడు గ్యాస్ తక్కువైందనుకుని ఇంకొంచెం ఎక్కిస్తారు.

గొట్టం చుట్టూ తిరిగే పెద్ద అల్యూమినియం నట్టు జాయింట్లకు సాకెట్ పట్టదు. కాకి పాదంలాంటి తెరిచిన అడాప్టర్, అంటే క్రో-ఫుట్, విడిగా కొనాలి. అది రెంచ్‌కు నేరుగా ముందుకు ఉంటే పొడవు పెరిగి బిగువు కూడా పెరుగుతుంది. రెంచ్ పొడవు 22 సెంటీమీటర్లు, అడాప్టర్ 3 సెంటీమీటర్లు, కావాల్సింది 15 అయితే 15ను 22తో గుణించి 25తో భాగించాలి. 13.2కు సెట్ చేయాలి. అడాప్టర్‌ను రెంచ్‌కు అడ్డంగా, 90 డిగ్రీల్లో పెడితే ఈ లెక్క అక్కర్లేదు, ఉన్న అంకే పెట్టొచ్చు. వీలైన ప్రతిచోటా అడ్డంగానే పెట్టండి. ఇలాంటి జాయింటుకు రెండో పానా తప్పనిసరి. ఒకటి నట్టును తిప్పుతుంది, రెండోది అవతలి భాగాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఒక్క పానాతో తిప్పితే గొట్టమే మెలిపడుతుంది. మెలిపడిన అల్యూమినియం ఆ రోజు బాగానే ఉంటుంది, వణుకుడుకు కొన్నాళ్లకు మెడ దగ్గర చిట్లుతుంది. ఎంత మంచి టార్క్ రెంచ్ ఉన్నా రెండో పానా లేకపోతే దండగే.

ఈ రెంచ్ పనికిరాని చోటు హీటర్ వైపు. హీటర్ హోసుల క్లిప్పులకు రెండు మూడు న్యూటన్ మీటర్లు చాలు, బ్లోయర్ మోటారు, డాష్‌బోర్డు కింది ప్లాస్టిక్ స్క్రూలకు ఇంకా తక్కువ. 5తో మొదలయ్యే రెంచ్ ఇక్కడ హాని చేస్తుంది. వీటికి టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే మంచిదే, లేకపోతే పొట్టి పిడి స్క్రూడ్రైవర్ రెండు వేళ్లతో పట్టుకోవాలి. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూను ముందు వెనక్కి తిప్పాలి, పాత గాడిలోకి చిన్నగా జారినట్టు తెలిసినప్పుడు ముందుకు తిప్పాలి. నేరుగా బిగిస్తే కొత్త గాడి కోసుకుని పట్టు పోతుంది. తర్వాత బ్లోయర్ గరగరమంటుంది.

మా వైపు హీటర్ ఎవరు వేస్తారులే అని ఆ పక్క చూడరు. కానీ చాలా కార్లలో హీటర్ వేసినా వేయకపోయినా డాష్‌బోర్డు వెనక హీటర్ కోర్‌లో వేడి కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది. నల్లగొండ బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఉప్పు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సన్నని హీటర్ గొట్టాల్లో గార కట్టి, అల్యూమినియాన్ని తింటుంది. హోసు మూతి దగ్గర కారడం మొదలైతే క్లిప్పును ఇంకా బిగిస్తారు. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంటే పగులుతుంది, దానికోసం డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. కారు లోపల తీపి వాసన, ముందు అద్దం మీద జిడ్డు ఆవిరి, కాళ్ల దగ్గర కార్పెట్ తడి ఇవన్నీ దాని గుర్తులు. హోసు కొన ఒక అంగుళం కోసి కొత్త చోట పెట్టడం, క్లిప్పు మార్చడం, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయడం దీనికి పరిష్కారం. ఫ్యాక్టరీ నుంచి స్ప్రింగు క్లిప్పు వచ్చిన చోట అదే ఉంచడం మేలు. వేడికి హోసు ఉబ్బినా కుదించుకున్నా అది తనంతట తానే సర్దుకుంటుంది.

అన్నీ బిగించాక పరీక్ష. వాక్యూమ్ అరగంట పట్టి, పంపు ఆపి పావుగంట ముల్లు చూడటం అందరూ చేస్తారు. అది అవసరమే, లోపలి తేమను తీస్తుంది కూడా. కానీ వాక్యూమ్‌లో జాయింటు మీద పడేది బయటి నుంచి లోపలికి 14.7 పీఎస్ఐ మాత్రమే. పనిచేసేటప్పుడు పడేది లోపలి నుంచి బయటికి, ఎండలో 250 పీఎస్ఐ దాటి. అందుకే ముందు నైట్రోజన్‌తో 150 పీఎస్ఐ పెట్టి, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి చూడాలి. నైట్రోజన్ సిలిండర్‌కు రెగ్యులేటర్ లేకుండా ముట్టుకోకూడదు. టైర్లలో గాలి కొట్టే కంప్రెసర్‌తో ఈ పరీక్ష చేయకూడదు. దాంతో తేమ లోపలికి పోతుంది, మిగిలిన ఆర్-134ఏ ఒత్తిడిలో గాలితో కలిస్తే అంటుకునే ప్రమాదమూ ఉంది. ఆక్సిజన్ అయితే నూనె తగలగానే పేలుతుంది. లీకు లేదని తేలాక నైట్రోజన్ వదిలేసి, అప్పుడు వాక్యూమ్, ఆ తర్వాత బానెట్ కింది స్టిక్కరు మీద రాసినంత గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. పిన్ వాల్వుల మూతలు మర్చిపోవద్దు. వాటి లోపల చిన్న రబ్బరు ఉంటుంది, లీకుకు అది రెండో అడ్డు. వేళ్లతో బిగిస్తే చాలు.

చూడీలు ముందే పోయి ఉన్న దిమ్మకు ఏ రెంచ్ పనికిరాదు. లావు బోల్టు బలవంతంగా తోయడం, టెఫ్లాన్ టేపు చుట్టడం చేస్తారు. రెండూ నిలవవు. ఎం6కు 6.3 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, దాని ట్యాప్‌తో చూడీ కోసి, హెలికాయిల్ ఇన్‌సర్ట్ అనే తీగచుట్ట పెడితే అల్యూమినియంలో అసలు చూడీ కంటే గట్టిగా ఉంటుంది. ట్యాప్‌కు గ్రీజు పూస్తే పొట్టు దానికే అంటుకుంటుంది. గొట్టాల మూతులను ముందే మూసి ఉంచాలి, ఒక్క పొట్టు ముక్క లోపలికి పోయినా ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర ఇరుక్కుంటుంది.

రెంచ్‌ను పని అయ్యాక కొలతలో అతి తక్కువ అంకెకు తెచ్చి పెట్టెలో పెట్టాలి, అంతకంటే కిందికి విప్పకూడదు. స్ప్రింగు నొక్కుడులోనే వదిలేస్తే మెల్లగా అలసిపోతుంది, అంకెలు తప్పుతాయి. కింద పడితే ఆ రోజే బరువు పరీక్ష చేయాలి. 5,000 వాడకాలకో, ఏడాదికో కాలిబ్రేషన్ చేయించమని ఐఎస్ఓ ప్రమాణం చెబుతుంది. హైదరాబాద్‌లో ఎన్ఏబీఎల్ (లాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న లాబ్‌లు ఉన్నాయి, ఎండాకాలం రద్దీ మొదలవక ముందే పంపడం నయం. అంత ఓపిక లేనివాళ్లకు ముల్లు వంగి చూపించే పాతరకం బీమ్ రెంచ్ ఉంది. అది చెడిపోవడానికి ఏమీ ఉండదు, కానీ బానెట్ లోతులో ముల్లు కనిపించదు. డిజిటల్ అడాప్టర్లు చదవడానికి బాగుంటాయి, అయితే తల పొడవు పెంచుతాయి, ఏసీ పనిలో లేనిదే ఆ చోటు.

ఏసీ పనిని వృత్తిగా చేసేవాళ్లకు ఈ రెంచ్, రెండు మూడు సైజుల క్రో-ఫుట్‌లు, ఒక మంచి ఓ-రింగ్ పెట్టె కలిపి కొనమని చెబుతాను. ఇంజను, సస్పెన్షన్ పనే ఎక్కువ, ఏసీ ఎప్పుడో ఒకసారి అయితే ముందు పెద్ద రెంచ్ కొనుక్కోవచ్చు, కాని ఎం6 బోల్టు దగ్గరికి దాన్ని తేవద్దు. కారు యజమాని ఇది కొనక్కర్లేదు. గ్యాస్ ఎక్కించడానికి బండి ఇచ్చేటప్పుడు జాయింటు విప్పితే కొత్త ఓ-రింగ్ వేస్తున్నారా, నట్టు జాయింటుకు రెండో పానా పెడుతున్నారా అని అడిగి, పక్కన నిలబడి చూసుకుంటే చాలు.